నలుపు తెలుపు నెగెటివ్‌లకు స్కానర్ కొనేముందు

పెట్టెలోని నెగెటివ్‌ల కొలతలన్నీ ముందే చూసుకోవాలి, 35 మి.మీ. ఫిల్మ్‌కే చేసిన స్కానర్‌లో అంతకంటే వెడల్పైన 120 రోల్ నెగెటివ్ పట్టదు కనుక మరో యంత్రం కొనవలసి వస్తుంది.

ఇన్‌ఫ్రారెడ్ ధూళి తొలగింపు (కంటికి కనిపించని కిరణాలతో దుమ్మును గుర్తించి స్కాన్‌లో చెరిపే సదుపాయం) కోసం అదనంగా చెల్లించకండి. సాధారణ నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మగా నిలిచిన వెండి ఆ కిరణాలను అడ్డుకోవడంతో, యంత్రం బొమ్మనే దుమ్ముగా భ్రమించి చెరిపేస్తుంది. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 వంటి, రంగుల రసాయనాలతో కడిగే ఫిల్మ్‌లకు మాత్రం అది పనిచేస్తుంది. ఊదుడు బల్బు, మెత్తని కుంచె ఎలాగూ తప్పవు.

స్కానర్ పెట్టెపై అచ్చువేసిన డీపీఐని (అంగుళానికి ఎన్ని చుక్కలుగా చదువుతుందో చెప్పే అంకెను) నమ్మకుండా నమూనా స్కాన్ అడగండి. నిజంగా 2400 డీపీఐ అందితే 35 మి.మీ. ఫ్రేమ్‌కు సుమారు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి.

బూడిద ఛాయలను చాలా సూక్ష్మంగా నమోదు చేసే 16 బిట్ గ్రేస్కేల్ ఉండాలి, లేకుంటే దిద్దుబాటులో బూడిద ఛాయలు మెట్లుమెట్లుగా విడిపోతాయి.

పాత యంత్రమైతే, మీ కంప్యూటర్‌కు దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్, కేబుల్ దొరుకుతాయో లేదో చూడండి.