స్క్రూ తల మీద చుక్క చూశారా?

పాత జపాన్ బండి కార్బురేటర్ (ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే భాగం) విప్పబోయే ముందు స్క్రూ తలను గుడ్డతో తుడిచి చూడండి. ప్లస్ ఆకారపు గాడి పక్కన చిన్న చుక్క కనిపిస్తే అది జేఐఎస్ స్క్రూ, అంటే జపాన్ ప్రమాణంతో చేసినది. మన ఇళ్లలో ఉండే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ (మామూలు ప్లస్ మొనది) మొన అందులో పూర్తిగా కూర్చోదు. బలం పెట్టగానే పైకి జారి గాడిని కొరికేస్తుంది.

తిరుపతిలో పాత సామాను కొట్టులో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు మికుని కంపెనీ కార్బురేటర్‌కు నేను రెండు స్క్రూలు ఇలాగే పాడుచేశాను. తప్పు నాదే, తొందర. డాట్సన్ 240జెడ్ లాంటి పాత జపాన్ స్పోర్ట్స్ కార్లు విప్పేవారికీ ఇదే తంటా.

జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది వచ్చేదాకా ఆగలేకపోతే, పాత ఫిలిప్స్ మొన చివరను ఆకురాయితో కొద్దిగా అరగదీయండి. గాడి లోపలికి దిగుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, తెల్లవారాక స్క్రూడ్రైవర్‌ను నిటారుగా ఆనించి, వెనుక సుత్తితో మెల్లగా తట్టి తిప్పండి. మెల్లగానే సుమా, కార్బురేటర్ లోహం మెత్తన.

చుక్క లేనంత మాత్రాన ఫిలిప్స్ అనుకోకండి. గుర్తు లేని జేఐఎస్ స్క్రూలూ ఉంటాయి.