మీ ఊళ్లో ఏ మొక్కల్ని ఏ మొక్కలతో ఒక గుంపుగా చూస్తారో తెలుసుకోవడం ఎలా?

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఒకసారి బతుకమ్మ పండక్కి ఊరెళ్లినప్పుడు చాప మీద పన్నెండు రెమ్మలు పరిచి, కుప్పలు చేయమని అమ్మను అడిగాను. గునుగునీ తంగేడునీ ఒకచోట పెట్టింది. నేనైతే గునుగును తోటకూర, పొన్నగంటి కూరలతో కలుపుతాను, మూడూ ఒకే కుటుంబం. తంగేడు చిక్కుడు కుటుంబానిది. "బతుకమ్మలో పక్కపక్కన పేర్చేవాటిని విడదీస్తావా?" అంది అమ్మ.

మీరూ చేసి చూడండి. పూతతో ఉన్న రెమ్మలే తెంపండి. ఒక్క ఆకు చూపిస్తే పెద్దవాళ్లు కూడా తడబడతారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి, లేకపోతే మొదట మాట్లాడినవాళ్ల మాటే అందరూ అంటారు. "ఇది ఏ జాతి?" అని అడగొద్దు. "కలిసి ఉండాల్సినవి ఒకచోట పెట్టండి" అంటే చాలు.

తర్వాత ప్రతి కుప్ప దగ్గరా "ఎందుకు?" అని అడగండి. అసలు విషయం బయటపడేది అక్కడే. జొన్నచేలు చేసిన మా పెద్దనాన్న గునుగును గరికతో పెట్టి, రెండూ కలుపు మొక్కలే అన్నాడు. పెద్దమ్మ దాన్ని కూరాకుల్లో పెట్టింది, లేత ఆకు వండుతుంది కాబట్టి. ఒకే ఇంట్లో ఒకే మొక్క మూడు కుప్పల్లో!

దయచేసి ఎవరినీ దిద్దకండి. నేను మొదట్లో దిద్దాను. దాంతో అమ్మ నా మొహం చూసి పెట్టడం మొదలుపెట్టింది, ఆ రోజు రాసుకున్నదంతా వృథా అయింది.

పేర్లు వాళ్లు పలికినట్టే రాయండి. గంగవాయిలి కూర అంటే అదే రాయాలి, పాయలకూర అని మార్చొద్దు. పక్కన వాళ్ల పని, వయసు, నెల రాసి కుప్పలకు ఫోటో తీయండి. వయ్యారిభామ (పార్థీనియం) మొక్కను మాత్రం చాప మీద పెట్టకండి, ముట్టుకుంటే కొందరికి ఒళ్లు దద్దుర్లెక్కుతుంది.