ఆఫీసులో మాట తీరు – 4వ పాఠం: ‘సరే’ అంటే ఏ సరే?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం, మెయిల్ మొదటి వాక్యంలోనే అసలు విషయం రాయడం, ఈ వారమంతా కొనసాగించండి. ఈ పాఠం మాత్రం ఒకే ఒక్క మాట గురించి. మనం పొద్దున్నుంచి రాత్రి దాకా అంటూనే ఉండే ‘సరే’.

ఈ ‘సరే’లో కనీసం మూడున్నాయి. ‘విన్నాను’ అని ఒకటి, ‘ఒప్పుకుంటున్నాను’ అని ఒకటి, ‘మీరు చెప్పింది చెప్పిన టైముకి చేసి ఇస్తాను’ అని ఇంకొకటి. వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని అమ్మ చెబితే, మనమన్న సరే మొదటి రకందని గొంతును బట్టే ఆవిడకు తెలిసిపోతుంది. అందుకే గుమ్మం దాటేలోపు మళ్లీ చెబుతుంది. ఆఫీసు కాల్‌లో ఆ గొంతు పట్టుకునేవాళ్లు ఉండరు.

నాకు జరిగిందే చెప్తాను. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పనిచేస్తున్న రోజులు, ఎండాకాలం. మా టీమ్‌లోని కర్నూలు కుర్రాడికి ఫోన్ చేసి, “గురువారం రాత్రికి బిల్డ్ పెట్టెయ్, అర్థమైందా?” అన్నాను. బిల్డ్ అంటే టెస్టింగ్‌కి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్. “సరే అన్నా” అన్నాడు. శుక్రవారం పొద్దున 8 గంటలకు టెస్టింగ్ వాళ్లు వచ్చి కూర్చున్నారు, బిల్డ్ లేదు. 9:15కి వచ్చింది. “పావుగంట ముందే ఇచ్చేశా అన్నా” అన్నాడు సంతోషంగా. అతను రోజూ మాట్లాడేది న్యూయార్క్ వాళ్లతో. వాళ్ల గురువారం అర్ధరాత్రి అంటే ఎండాకాలంలో మనకు శుక్రవారం పొద్దున 9:30. అతని లెక్కలో అతను మాట తప్పలేదు. తప్పు నాది. ‘రాత్రి’ అని వదిలేసి, పైగా ‘అర్థమైందా’ అని అడిగాను. ఆ ప్రశ్నకు ‘లేదు’ అనేవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

ఇలాంటి ‘సరే’ ప్రాణాల మీదకు వచ్చిన సందర్భమూ ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో, దట్టమైన మంచులో, రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఒక విమానం టేకాఫ్‌కి అనుమతి రాకముందే పరుగు మొదలుపెట్టింది. టేకాఫ్‌లో ఉన్నామని దాని కో-పైలట్ రేడియోలో చెబితే, టవర్ నుంచి విమానాలకు ఆదేశాలిచ్చే కంట్రోలర్ నోట వచ్చిన మొదటి మాట ‘ఓకే’. ఆ వెంటనే ఆగమని, తాను పిలుస్తానని చెప్పాడు. సరిగ్గా అప్పుడే రెండో విమానం కూడా మాట్లాడటంతో రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడి రేడియోలో కీచుమన్నాయి. ‘ఓకే’ మాత్రం స్పష్టంగా వినపడింది. ప్రమాదానికి అదొక్కటే కారణం కాదు. అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని, పరుగు మొదలుపెట్టిన విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు కూడా. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఇక రెట్టించలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ భాగమే.

ఎందుకంటే మన పెంపకంలోనూ అదే ఉంది. పెద్దవాళ్లను రెండోసారి అడిగితే ఎదురుచెప్పినట్టు అనుకుంటాం. బెంగళూరు ఆఫీసులో కన్నడం, తమిళం, హిందీ మాట్లాడేవాళ్ల మధ్య ఇంగ్లీషులో అడగాలంటే మరీ జంకు. ‘ఇది కూడా తెలియదా’ అనుకుంటారేమో అని.

దానికి విమానాల వాళ్లు వాడే ఉపాయమే మందు. టవర్ ఇచ్చిన ముఖ్యమైన ఆదేశాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పాలి, ఉత్త ‘ఓకే’ చాలదు. తప్పుంటే కంట్రోలర్ అక్కడే దిద్దుతాడు. మీరూ పని అందుకోగానే, “సార్, నేను సరిగ్గా పట్టుకున్నానో లేదో ఒకసారి చూడండి” అని మొదలుపెట్టి, ఏం చెయ్యాలో, ఎప్పటికివ్వాలో, ఎవరి చేతికివ్వాలో మీ మాటల్లో చెప్పండి. భారం మీ మీద వేసుకున్నారు కాబట్టి ఎవరికీ ఎదురుచెప్పినట్టు ఉండదు.

టైము దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ‘రాత్రికి’, ‘సాయంత్రం లోపు’ అనేవి టైములు కావు. ‘శుక్రవారం పొద్దున 7, మన టైము’ అనేది టైము. 05/06 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాయండి. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి న్యూయార్క్‌తో తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నరకు మారుతుంది. ఎండాకాలంలో రాత్రి 8కి ఉండే కాల్ చలికాలంలో 9కి వెళ్లేది అందుకే.

ఇక పని చెప్పేవాళ్లు మీరే అయితే, ‘అర్థమైందా’ మానేయండి. బెంగళూరులో దర్శిని అనే, నిలబడి తినే చిన్న హోటల్లో ఇడ్లీ వడ అడిగితే, సాంబార్ సంగతి తెలుసు కదా అని అడగరు. ‘డిప్పా, సెపరేటా?’ అంటారు, అంటే సాంబార్‌లో ముంచి ఇవ్వాలా, విడిగా ఇవ్వాలా అని. ఆ ప్రశ్నకు ‘సరే’ అని జవాబు చెప్పడం కుదరదు. “ముందు ఏది మొదలుపెడతావు?”, “ఎక్కడ ఆగిపోవచ్చు అనిపిస్తోంది?” అని మీరూ అలాగే అడగండి. అవతలివాళ్లు తడుముకుంటే కోప్పడకండి, అక్కడే ఇంకోసారి వివరించండి.

ఈ వారం అభ్యాసం: రోజుకు ఒక్క పనికి, ‘సరే’ అనబోయే చోట, తిరిగి అప్పజెప్పండి. అవతలివాళ్లు ఏమైనా దిద్దితే ఆ దిద్దిన మాటను అప్పటికప్పుడే నోటుబుక్కులో రాసుకోండి. శుక్రవారం ఆ పేజీ తీసి, దిద్దినవాటిలో టైముకు సంబంధించినవి ఎన్నో లెక్కపెట్టండి.

వచ్చే పాఠం: పని ఆలస్యమయ్యేలా ఉందని ముందే చెప్పడం.