టీవీ తోటల కార్యక్రమం చెప్పకుండా వదిలేసే కొలతలు

తోటల కార్యక్రమాల్లో ఇప్పుడు డ్రోన్ షాట్లు, వెనక పాట, "ఎంత బావుందో!" అనే యాంకర్ ఎక్కువ. మట్టిలో ఏం కలిపారో చెప్పేది తక్కువ. చూసేవాళ్ల విసుగు న్యాయమే. అయినా ఆ ఖాళీలు పూరించుకుంటే హైదరాబాద్ మేడ మీద టమాటా పండుతుంది.

ఆ తోట ఎక్కడిదో ముందు గమనించండి. ఊటీలో తీసినదైతే వాళ్లు చెప్పే నెలలు వదిలేయండి. హైదరాబాద్‌లో టమాటా నారు జూన్-జూలైలో గానీ, సెప్టెంబరు-అక్టోబరులో గానీ పోయాలి. మే ఎండలకు పూత రాలుతుంది. కారణం వేడి కాబట్టి ఎరువు పెంచినా నిలవదు.

"మంచి మట్టి మిశ్రమం" అంటే ఎర్రమట్టి, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) సమభాగాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. ఎర్రమట్టి ఒక్కటే వేస్తే గట్టిపడి, నీళ్లు అంచుల వెంట జారిపోతాయి, వేళ్లు ఎండుతాయి. కోకోపీట్ నానబెట్టి, ఆ నీళ్లు పిండేయాలి. ఉప్పు మిగిలితే ఆకు అంచులు మాడతాయి. మొక్కకు 15–20 లీటర్ల కుండీ కావాలి. తెరమీది బుల్లి రంగు కుండీలు షూటింగు కోసమే!

"వేపనూనె కొట్టండి" అని దాటేస్తారు. లీటరు నీటికి 5 మి.లీ. చాలు. ముందు నూనెలో కొద్దిగా ద్రవ సబ్బు కలిపి, తర్వాత నీళ్లు పోయాలి. లేకుంటే నూనె పైకి తేలి, చివర్లో చిక్కగా పడి ఆకుల్ని మాడుస్తుంది. సాయంత్రం, ఆకుల అడుగున కొట్టండి.

ఛానెల్‌కు రాసేటప్పుడు "బాగాలేదు" అని ఊరుకోకండి. ప్రసార తేదీ, వదిలేసిన కొలత రాసి, ఆ కొలతను తెర అడుగున ఒక్క వరుసగా వేయమని అడగండి.