ఇంగ్లీషు వైద్య పదాలను విడదీసి చదవడం ఎలా?

నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో డిశ్చార్జి అయి ఇంటికి చేరిన సాయంత్రం, కాగితం మీద ‘కోలిసిస్టెక్టమీ’ అన్న మాట కనిపించగానే చాలామంది కూడబలుక్కుని, సగంలోనే వదిలేస్తారు. బడిలో సంధులు విడదీసిన తెలుగువారికి నిజానికి ఈ పని కొత్తది కాదు.

మొదట పదాన్ని చివరి నుంచి పట్టుకోవాలి. ‘ఎక్టమీ’ అంటే కోసి తీసివేయడం, ‘ఐటిస్’ అంటే వాపు. ఆ తర్వాత ముందు భాగానికి వెళితే ‘కోలి’ పైత్యరసం, ‘సిస్ట్’ సంచి. అంటే పిత్తాశయాన్ని తీసివేసిన ఆపరేషన్ అన్నమాట.

తరువాత అతుకును గుర్తించాలి. మా, అమ్మ కలిసి ‘మాయమ్మ’ అయినప్పుడు యకారం వచ్చి చేరినట్టే, ‘గ్యాస్ట్ర్’ (కడుపు)కు ‘స్కోపీ’ (లోపల చూసే పరీక్ష) కలిసేటప్పుడు మధ్యలో ఓకారం చేరి ‘గ్యాస్ట్రోస్కోపీ’ అవుతుంది. వచ్చే ప్రత్యయం అచ్చుతో మొదలైతే ఆ ఓకారం అక్కరలేదు కాబట్టి ‘గ్యాస్ట్రైటిస్’ అంటారు. కడుపు, పేగు (‘ఎంటర్’) అనే రెండు అవయవాల పేర్లు కలిసే ‘గ్యాస్ట్రోఎంటరైటిస్’లో మాత్రం, ఎదుట అచ్చు ఉన్నా అది నిలిచే ఉంటుంది.

ఆసుపత్రిలో గది బోర్డు మీద ‘నెఫ్రాలజీ’ అనీ, అదే గదిలో రాసిచ్చిన పరీక్ష మీద ‘రీనల్’ అనీ చూసి తికమకపడేవారు ఎందరో. రెండూ మూత్రపిండం మాటలే: ‘నెఫ్రోస్’ గ్రీకు, ‘రెన్’ లాటిన్. ‘ఎడ్రినల్’ గ్రంథి పేరులో ఉన్నది కూడా ఈ ‘రెన్’ అనే మాటే. ‘అడ్’ అంటే దగ్గర. ఊపిరితిత్తులకు సంబంధించిన ‘పల్మనరీ’ లాటిన్ నుంచి, ‘న్యుమోనియా’ గ్రీకు నుంచి వచ్చాయి. అవయవానికి విశేషణం లాటిన్ నుంచి, వ్యాధికీ శస్త్రచికిత్సకూ పేరు గ్రీకు నుంచి రావడం ఎక్కువ.

ఉపసర్గల దగ్గర తొందర పనికిరాదు. ఇన్సులిన్ ఇచ్చే ‘సబ్‌క్యుటేనియస్’ పద్ధతిలో ‘సబ్’ కింద, ‘క్యుటిస్’ చర్మం. ‘ఇంట్రా’ అంటే లోపల, ‘ఇంటర్’ అంటే నడుమ. ‘హైపో’ తక్కువ, ‘హైపర్’ ఎక్కువ. చక్కెర పడిపోయిన మనిషికీ పెరిగిపోయిన మనిషికీ చేసే వైద్యం వేరు కనుక, ఈ ఒక్క చోట అక్షరాన్ని వేలితో తాకి మరీ చదవాలి.

పలికేటప్పుడు మాత్రం మూలాల దగ్గర ఆగకూడదు. అర్థం కోసం ‘నెఫ్ర్–ఓ–లజీ’ అని విడదీసినా, నోట ‘నె–ఫ్రా–ల–జీ’ అని పలుకుతూ ‘ఫ్రా’ను నొక్కాలి. ‘ఐటిస్’లో ‘ఐ’ని, ‘ఎక్టమీ’లో ‘ఎక్’ను నొక్కాలి.

విడదీయగా తేలిన అర్థం ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ‘మలేరియా’ ఇటాలియన్‌లో ‘చెడు గాలి’. దోమ కడుపులో ఆ వ్యాధి పరాన్నజీవిని బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనుగొన్నా, పాత పేరే మిగిలిపోయింది. అందుకని మీరు తేల్చిన అర్థాన్ని కాగితం అంచున పెన్సిల్‌తో రాసి ఉంచుకుని, మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగి సరిచూసుకోండి.