ఇంటి ధర సమంజసమేనా? నాలుగో పాఠం: కలపాలా, తీసివేయాలా?

ఈ పాఠంలో అద్దెకూ ధరకూ ఉన్న నిష్పత్తిని మొదలుపెట్టాలని అనుకున్నాను. అయితే మూడో పాఠం చివర, కొనాలనుకుంటున్న ఇంటి విలువను దానిలాంటి, ఇప్పటికే అమ్ముడైన ఇళ్ల (పోలిక ఇళ్ల) ధరల నుంచి అంచనా వేయమని ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. పోలిక ఇళ్లను ఎంచుకోవడంలో చాలామంది చక్కని శ్రద్ధ చూపారు. అదే ప్రాంతంలో, దాదాపు అదే వైశాల్యంతో, ఇటీవల నిజంగా అమ్ముడైన ఇళ్లనే తీసుకున్నారు. కానీ ఇళ్ల మధ్య తేడాలకు తగ్గట్టు ఆ ధరలను సవరించే దగ్గర కలపవలసిన చోట తీసివేసి, తీసివేయవలసిన చోట కలిపారు. ఈ ఒక్క తప్పుతో సమంజసమైన ధర అన్యాయంగానూ, అన్యాయమైన ధర బేరంగానూ కనిపిస్తాయి కనుక, ఇది సరికాకుండా ముందుకు వెళ్లడంలో అర్థం లేదు.

మనం కొనాలనుకుంటున్న ఇంటికి పార్కింగ్ లేదు. అదే భవనంలో, అదే వైశాల్యంతో, పార్కింగ్ ఉన్న ఇల్లు గత నెల 100కు అమ్ముడైంది. ఈ అంకె ఏ దేశపు కరెన్సీలోనైనా కావచ్చు. అక్కడ పార్కింగ్ విలువ 5 అనుకుందాం. మన ఇంటి విలువ ఎంత? ఎక్కువమంది 105 అన్నారు. మన ఇంటికి లోటు ఉంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి 5 కలిపామన్నది వారి వాదన. సరైన జవాబు 95.

వారు మరిచిన విషయం ఒక్కటే. మన ఇంటి ధర మనకు తెలియదు, తెలుసుకోవడానికే ఈ లెక్క. తెలియని అంకెకు ఏది కలిపినా అర్థం ఉండదు. మనకు తెలిసినది పోలిక ఇంటి ధర మాత్రమే, కాబట్టి సవరణలన్నీ దాని మీదే జరగాలి. పోలిక ఇంటిని కాగితం మీదనే కొంచెం కూల్చి, కొంచెం కట్టి, మన ఇంటిలా మారుస్తున్నామని ఊహించుకోండి. దానికి పార్కింగ్ ఉండి మనకు లేకపోతే ఆ పార్కింగ్‌ను తీసేస్తాం, దాని ధర తగ్గుతుంది. మన భవనానికి లిఫ్ట్ ఉండి దానికి లేకపోతే అక్కడ లిఫ్ట్ పెడతాం, దాని ధర పెరుగుతుంది. అది మనకంటే పదేళ్లు కొత్తదైతే దాన్ని పదేళ్లు ముసలిదాన్ని చేస్తాం, ధర తగ్గుతుంది. దాని కిటికీలు రద్దీ రోడ్డు వైపూ, మనవి లోపలి తోట వైపూ ఉంటే ఏమవుతుందో మీరే చెప్పగలరు. నేను ఇప్పటికీ ప్రతి తేడా పక్కన “పోలిక ఇల్లు మెరుగు” లేదా “పోలిక ఇల్లు తక్కువ” అని మాటల్లో రాసుకున్న తరువాతే కూడిక గుర్తో, తీసివేత గుర్తో పెడతాను. మొదట్లో ఇదే తప్పు నేనూ చేశాను.

కాలానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పోలిక ఇల్లు ఏడాది క్రితం 100కు అమ్ముడై, ఈ లోపు అక్కడి ధరలు 6 శాతం పెరిగితే, ముందు దాన్ని 106కు తెచ్చి, ఆ తరువాత పార్కింగ్ 5 తీసివేస్తే 101 వస్తుంది. పార్కింగ్ విలువ ఈనాటిది కాబట్టి కాలం సవరణ ముందు రావాలి. ఆ 6 శాతాన్ని సగటు అమ్మకపు ధరల నుంచి మాత్రం తీయకండి. ఈ ఏడాది పెద్ద ఇళ్లు ఎక్కువగా అమ్ముడైతే, ఏ ఇంటి ధరా పెరగకుండానే సగటు పెరుగుతుంది. ఈ చిక్కును తప్పించడానికే, ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైనప్పటి ధరలను పోల్చి ఇళ్ల ధరల సూచీ కట్టే పద్ధతిని బెయిలీ, మ్యూత్, నౌర్స్ అనే పరిశోధకులు 1963లో ప్రతిపాదించారు. 1980లలో ఆర్థికవేత్తలు కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ దాన్ని మెరుగుపరిచి ప్రచారంలోకి తెచ్చారు.

పార్కింగ్‌కు 5 అని ఎలా తెలిసిందని కొందరు అడిగారు. మిగతా అన్నింటిలోనూ సమానమై, పార్కింగ్ ఒక్కటే తేడాగా అమ్ముడైన రెండు ఇళ్లను వెదికితే, వాటి ధరల తేడాయే ఆ విలువ. చేయించడానికి అయిన ఖర్చును విలువగా తీసుకోకూడదు. వంటగదికి యజమాని 8 ఖర్చు పెట్టి ఉండవచ్చు, కొనేవారు దానికి 3 మాత్రమే ఇవ్వవచ్చు.

ఒక పోలిక ఇంటికి 12 కలిపి, మరో కారణాన 12 తీసివేస్తే చివరికి తేడా సున్నా కనిపిస్తుంది, కానీ అది మంచి పోలిక కాదు, ఎందుకంటే 24 మేర మన ఊహే అందులో చేరింది. గుర్తులు వదిలేసి సవరణలన్నీ కూడి చూసినప్పుడు ధరలో నాలుగో వంతు దాటితే నేను ఆ ఇంటిని పక్కన పెడతాను.

అమ్మేవారు చెప్పే ధరను ముందే చూసి లెక్క మొదలుపెట్టినవారికి ఒక మాట. నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు 1987లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకూ, వృత్తిలో ఉన్న ఇళ్ల ఏజెంట్లకూ ఒకే ఇల్లు చూపించి, ఒకే సమాచారం ఇచ్చి, చెప్పే ధరను మాత్రం ఒక్కో బృందానికి ఒక్కో రకంగా ఇచ్చారు. విద్యార్థుల అంచనాలూ, ఏజెంట్ల అంచనాలూ ఆ ధర వైపే జరిగాయి, అయినా తమ లెక్కలో దాని పాత్ర ఉందని చెప్పిన ఏజెంట్లు తక్కువ.

అభ్యాసం: అమ్మకానికి ఉన్న ఒక ఇంటి వివరాలను, ధర కనిపించకుండా దాచిపెట్టి ఇమ్మని ఇంట్లో ఎవరినైనా అడగండి. గడిచిన ఏడాదిలో అమ్ముడైన ఆరు పోలిక ఇళ్లను సంపాదించండి. వాటిలో కనీసం రెండు ఆ అమ్మకపు ఇంటికంటే మెరుగైనవీ, కనీసం రెండు తక్కువైనవీ ఉండాలి, లేకపోతే జవాబు ఒక వైపుకే ఒరుగుతుంది. ప్రతి సవరణకూ కారణాన్ని పూర్తి వాక్యంలో రాయండి. ఆరు సవరించిన ధరల్లో మీకు ఎక్కువ నమ్మకం ఉన్న మూడింటిని తీసుకుని, వాటిలో తక్కువ ధర నుంచి ఎక్కువ ధర వరకు ఉన్న పరిధినే మీ అంచనాగా రాసి, తేదీ వేసి, ఆ తరువాతే దాచిన ధర తెరవండి. తెరిచాక ఒక్క అంకె కూడా దిద్దవద్దు. ఐదో పాఠంలో అద్దె నిష్పత్తిని ఆ కాగితం మీదనే, అదే ఇంటికి కడతాం.