బడి కమిటీలో మన మాట – నాలుగో పాఠం: చెప్పిన మాటను తీర్మానంగా రాయించడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీటింగులో ఒక్క సమస్యైనా నోరు విప్పి చెప్పి రమ్మన్నాం. చెప్పినవాళ్ళకు ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. మీరు చెబుతుంటే అందరూ తల ఊపారు, టీ తాగారు, లేచి వెళ్ళిపోయారు. నెల తిరిగేసరికి ఆ మాట ఎవరికీ గుర్తులేదు.

నాకూ అలాగే జరిగింది. కమిటీలోకి వచ్చిన కొత్తలో, ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్ళు రావడం లేదని పావుగంట మాట్లాడాను. ఏడో తరగతి పిల్లలు నెలలో మూడు నాలుగు రోజులు బడి మానేస్తున్నారని, ఎందుకు మానేస్తున్నారో మగవాళ్ళ ముందు సిగ్గుపడకుండా చెప్పాను. తర్వాతి నెల, మీటింగులో అనుకున్నవి రాసే మినిట్స్ పుస్తకం తిరగేస్తే నా పావుగంటకు దక్కింది ఒకే ఒక్క వరుస: ‘ఇతర విషయాలు చర్చించడమైనది.’ కింద నా సంతకం కూడా ఉంది. ఏమీ రాయకముందే పెట్టేశాను మరి.

అందుకే ఈ పాఠమంతా ఆ పుస్తకం గురించే.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు మంది పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. తెలంగాణలో 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకైతే మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్. కుర్చీకి లోటు లేదు. కుర్చీలో కూర్చున్న మనిషి మాట పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నదే లెక్క.

ఇప్పుడు ఈ తీర్మానం చదవండి:

‘పాఠశాలలో నీటి సమస్యపై చర్చించి, తగు చర్యలు తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’

వినడానికి బాగానే ఉంది కదూ? ఎవరు తీసుకోవాలి ఆ చర్యలు? ఎప్పటిలోగా? అసలు ఏ నీళ్ళు, తాగేవా, బాత్రూములవా? మన ఆఫీసు తెలుగులో ఈ ‘తగు చర్యలు’ అన్న మాటకున్న సుఖం ఇంకదేనికీ లేదు. ఎవరి పేరూ ఉండదు కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. అదే విషయం ఇలా రాయిస్తే:

‘బాలికల మరుగుదొడ్లకు జూన్ నెల నుంచి నీళ్ళు రావడం లేదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు పగిలి ఉంది. ప్రధానోపాధ్యాయులు, సభ్యురాలు ఫలానావారు కలిసి ఆగస్టు 20లోగా పైపు మార్పించాలని, ఖర్చు స్కూలు గ్రాంటు నుంచి పెట్టాలని, పని అయిందీ లేనిదీ వచ్చే సమావేశంలో మొదటి అంశంగా చెప్పాలని తీర్మానించడమైనది.’

‘ఫలానావారు’ అన్నచోట మీ పేరే రాయించండి. పని సారు ఒక్కరి మీదే వేస్తే ఆయన జారుకుంటారు, లేదా నిజంగానే తీరిక దొరకదు. రెండు తరగతులకు ఒకే టీచరున్న బడిలో పైపుల కోసం షాపుకు ఎవరు వెళతారు? చివరి మాట మాత్రం వదలొద్దు. ‘వచ్చే సమావేశంలో మొదటి అంశం’ అని రాసి ఉంటే, వచ్చే నెల ఆ విషయం మీరు ఎత్తక్కర్లేదు, పుస్తకమే ఎత్తుతుంది.

బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు ఉండి తీరాలని అదే చట్టం షెడ్యూల్లో ఉంది. ఎవరైనా ‘ఇదీ ఒక ఎజెండానా?’ అంటే ఆ మాట చెప్పండి, చాలు. వాదన పెంచొద్దు.

ఇక సంతకం. ‘ముందు సంతకాలు పెట్టేయండమ్మా, మీకు పనులుంటాయి, మ్యాటర్ నేను తర్వాత రాసుకుంటా’ అంటారు. చెడ్డ ఉద్దేశంతో కాకపోవచ్చు. అయినా పెట్టొద్దు. ‘నాలుగు వరుసలే కదా సార్, ఇప్పుడే రాసేయండి, నేను కూర్చుంటా’ అనండి. ఈ మాట ఇంట్లో రెండుసార్లు పైకి అనుకుని వెళ్ళండి, అక్కడ గొంతు తడబడదు. రాశాక చదివి వినిపించమనండి. చివరి వరుస కింద ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టి, ఆ గీతను ఆనుకుని సంతకం పెట్టండి.

చదవాలని ఇంతగా పట్టుబడుతున్నానంటే కారణం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ వెంట సారా మీద కదిలిన ఆడవాళ్ళు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. వాళ్ళు పేరు రాయడం దగ్గరే ఆగిపోలేదు, పాఠంలో ఏముందో చదివి దాని మీద మాట్లాడుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైంది.

ఒక్క జాగ్రత్త. అన్నీ పుస్తకానికి ఎక్కించేవి కావు. ఎనిమిదో తరగతి పిల్లకు పెళ్ళి కుదిర్చారని తెలిస్తే నెలాఖరు మీటింగు దాకా ఆగొద్దు, ఆ పిల్ల పేరు అందరూ చూసే మినిట్స్‌లో రాయించొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, అంగన్‌వాడీ టీచరు చెవిన వేయండి. పుస్తకంలో రాయాలనుకుంటే, ‘బడి మానేసిన ఆడపిల్లల ఇళ్ళకు వారంలోగా ఇద్దరు సభ్యులు వెళ్ళి రావాలి’ అని ఊరంతటికీ వర్తించేలా రాయించండి.

ఈసారి పని: గత మూడు నెలల మినిట్స్ అడిగి చూడండి. ‘తగు చర్యలు’ అన్న తీర్మానం ఒకటి తప్పకుండా దొరుకుతుంది. దాన్ని మీ నోటుబుక్కులో మనిషి పేరు, తేదీ, డబ్బు ఎక్కడిదో చేర్చి తిరగరాయండి. పుస్తకం చూపించమంటే ‘అది బీరువాలో ఉంది, తాళం వేరేవాళ్ళ దగ్గరుంది’ అన్నారా? అదీ తేదీతో సహా రాసుకోండి. ఐదో పాఠంలో అర్జీ, సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్చుకునేటప్పుడు ఆ తేదీ అవసరమవుతుంది.